సిటీ అటార్నీకి ఓటేసే ముందు

లాస్ ఏంజెలెస్‌లో ఓటున్నవాళ్లు మేయర్‌నే కాదు, నగరానికి లాయర్‌ని కూడా ఎన్నుకుంటారు. ఆ పదవి పేరు సిటీ అటార్నీ. నాలుగేళ్ల పదవి, రెండు దఫాలకు మించి ఉండకూడదు, బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. హైదరాబాద్‌లో ఇలాంటి ఎన్నిక లేదు, కార్పొరేషన్ తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిల్‌ని నియమిస్తారు. అమెరికాలోనూ ఎక్కువ ఊళ్లలో నియామకమే. మనవాళ్లు ఎక్కువగా ఉన్న శాన్ హోసేలోనూ కౌన్సిలే నియమిస్తుంది. అందుకే ఈ పేరు దగ్గరికొచ్చేసరికి ఎవరికి వెయ్యాలో తోచదు. అయినా ఆ గడి వదిలెయ్యకండి.

ముందు క్రిమినల్ సంగతి. హత్య, దోపిడీలాంటి ఫెలొనీ (పెద్ద నేరాల) కేసులు కౌంటీ, అంటే మన జిల్లాలాంటి దాని, ప్రాసిక్యూటరైన డిస్ట్రిక్ట్ అటార్నీవి. లాస్ ఏంజెలెస్ నగరంలో జరిగే మిస్‌డిమీనర్లు, అంటే చిన్న నేరాలు, సిటీ అటార్నీవి. ఎవరికీ దెబ్బ తగలని తాగి నడిపిన కేసు, 950 డాలర్లు దాటని మామూలు దొంగతనం ఇలాంటివే. పోలీసులు రిపోర్టు రాసి పంపుతారు, అంతే. కేసు పెట్టాలా వద్దా అన్నది సిటీ అటార్నీ ఆఫీసు తేలుస్తుంది, అందుకు మామూలు గడువు ఏడాది. చిన్న కేసైతే కోర్టుకు వెళ్లకుండా ఆఫీసులోనే హియరింగ్‌కి పిలవొచ్చు. అక్కడ కూర్చున్న అధికారి మీ లాయర్ కాదు. వెళ్లే ముందు సొంత లాయర్‌తో మాట్లాడుకోండి.

ఈ పంపకం అన్ని చోట్లా ఒకేలా లేదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమూ కౌంటీ ఒకటే కాబట్టి క్రిమినల్ కేసులన్నీ డిస్ట్రిక్ట్ అటార్నీకే పోతాయి, ఎన్నికైన సిటీ అటార్నీ సివిల్ పని మాత్రమే చూస్తారు. లాంగ్ బీచ్‌లో సిటీ అటార్నీ, సిటీ ప్రాసిక్యూటర్ ఇద్దరినీ విడివిడిగా ఎన్నుకుంటారు. అభ్యర్థి "నేరాలు తగ్గిస్తా" అంటే, మీ ఊళ్లో ఆ అధికారం ఆ పదవికి ఉందో లేదో ముందు చూడండి.

సివిల్ వైపు పని ఇంకా పెద్దది. ఆర్డినెన్సులు (నగరం చేసుకునే చట్టాలు) రాయడం, కౌన్సిల్‌కి సలహా ఇవ్వడం, నగరం మీద పడ్డ దావాలు ఎదుర్కోవడం ఇందులోకే వస్తాయి. కాంట్రాక్టు మీద సిటీ అటార్నీ ఆఫీసు సంతకం ఉందంటే దాని రూపం చట్టప్రకారం ఉందని మాత్రమే. ఆ కాంట్రాక్టు ఊరికి లాభమని దానర్థం కాదు. జనాభా 7,50,000 దాటిన నగరాల సిటీ అటార్నీలు మోసపు వ్యాపారాల మీద కాలిఫోర్నియా ప్రజల పేరుతో దావా వెయ్యొచ్చు. ఒక్కో ఉల్లంఘనకు 2,500 డాలర్ల దాకా జరిమానా పడుతుంది.

అసలు చిక్కు క్లయింట్ ఎవరన్న దగ్గర వస్తుంది. ఓటేసింది జనం, కానీ క్లయింట్ నగరం. 2000 జులైలో అమల్లోకొచ్చిన లాస్ ఏంజెలెస్ చార్టర్ (నగర పాలనకు మూల చట్టం) ప్రకారం సివిల్ కేసుల్లో క్లయింట్‌గా నిర్ణయాలు తీసుకునేది మేయర్, కౌన్సిల్, కొన్ని బోర్డులు. గెలిచిన మనిషికి సొంత రాజకీయ భవిష్యత్తు ఉంటుంది, కౌన్సిల్‌తో పడకపోవచ్చు. అప్పుడు సలహా ఎవరి మేలు కోరి ఇస్తున్నారో తేల్చడం కష్టం. నియమించిన లాయర్‌కి తీసేస్తారన్న భయం ఉంటుంది, ఎన్నికైన లాయర్‌కి ఓట్ల మీద ధ్యాస ఉంటుంది. నా మటుకు రెండోదే మేలు, ఎందుకంటే వద్దనుకుంటే జనమే దించగలరు. కానీ బయటి లాయర్లను పెట్టుకున్నప్పుడు నిఘా తప్పితే ఏమవుతుందో 2019లో చూశాం. నీళ్లు, కరెంటు బిల్లుల గందరగోళంలో నగరం నియమించుకున్న బయటి లాయరే, నగరం మీద దావా వేసిన వినియోగదారు వైపూ రహస్యంగా పనిచేశాడని బయటపడింది. ఎఫ్‌బీఐ సిటీ అటార్నీ ఆఫీసును సోదా చేసింది. ఆ ఆఫీసులో సివిల్ కేసుల విభాగానికి అధిపతిగా పనిచేసిన లాయర్ తర్వాత నేరం ఒప్పుకున్నాడు. అందుకే అభ్యర్థిని ముందుగా అడగాల్సింది బయటి లాయర్లను ఎలా ఎంచుతారు, వాళ్ల బిల్లులు ఎవరు చూస్తారు అని.

ఇక నగరం వల్ల మీకు నష్టం జరిగితే. చెత్త లారీ మీ కారును గుద్దిందనుకోండి, నేరుగా కోర్టుకు పోవడానికి లేదు. ఆరు నెలల్లోపు సిటీ క్లర్క్ దగ్గర రాతపూర్వకంగా క్లెయిమ్ వెయ్యాలి. తేదీ, చోటు, ఏం జరిగింది, ఏం నష్టపోయారు అన్నీ రాయండి. అడిగేది 10,000 డాలర్లు దాటితే అంకె వెయ్యకూడదు, కేసు లిమిటెడ్ సివిల్ (తక్కువ మొత్తం దావాల) కోవలోకి వస్తుందా రాదా అన్నది చెబితే చాలు. సిటీ అటార్నీ ఆఫీసు విచారిస్తుంది, గడువు 45 రోజులు. తిరస్కరిస్తూ నోటీసు పంపితే, అది పోస్టు చేసిన రోజు నుంచి ఆరు నెలల్లో దావా వెయ్యాలి. ఆరు నెలలు దాటిపోయినా ఏడాదిలోపు ఆలస్యానికి కారణం చూపి అనుమతి అడగొచ్చు. ఎక్కువగా దెబ్బతినేది వేరే సంస్థకు వెయ్యాల్సిన క్లెయిమ్ నగరానికి వేసినప్పుడు. ఫ్రీవే రాష్ట్రానిది, మెట్రో బస్సు వేరే సంస్థది. నగరం "మాది కాదు" అని చెప్పేసరికి అసలు చోట గడువు దాటిపోయి ఉండొచ్చు. కాబట్టి రోడ్డు ఎవరిదో మొదటి వారంలోనే కనుక్కోండి.