బోను అటకెక్కింది

హనుమకొండలో నయీంనగర్ నాలాకు కొంచెం దూరంలో ఉంటాం మేము. 2023 జూలై వానలకు ఆ నాలా పొంగి కాలనీలను ముంచిన సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కానీ ఎలుకలు వచ్చాయి. మోరీలన్నీ నిండిపోతే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? వరద తీశాక కూడా కదల్లేదు. బియ్యం సంచి కొరికాయి, వాషింగ్ మెషిన్ పైపు కొరికాయి, రాత్రయితే సజ్జ మీద ఒకటే చప్పుడు. ఇంట్లో చంటిపాప ఉంది. ఆ టెన్షన్‌తో నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

అందరిళ్లలో చేసేదే మేమూ చేశాం. బోనులో బజ్జీ ముక్క పెట్టాం, గమ్ అట్టలు పరిచాం. పాప పాకే ఇల్లు కాబట్టి మందు పెట్టే మాటే లేదు. పడేవి పడుతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. గమ్‌కు అతుక్కుని తెల్లారేదాకా కొట్టుకునే ఎలుకను చూడలేక ఆ అట్టలు బంద్ చేశాను. ఆడ ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరు నుంచి పన్నెండు దాకా పిల్లలు. కడుపు నిండే ఇంట్లో ఒక్క బోను ఆ సంతానాన్ని ఎక్కడ అందుకుంటుంది?

మా అత్తమ్మది పరకాల దగ్గర పల్లె. వడ్ల బస్తాల మధ్య పెరిగిన మనిషి. ఊరి నుంచి వచ్చిన రోజే అడిగింది: "దానికి బువ్వ ఏడ దొరుకుతాందో సూసినవా బిడ్డా? తొవ్వ ఏడున్నదో సూసినవా?"

టార్చి పట్టుకుని ముందు తొవ్వే వెతికాం. ఎలుక ఎప్పుడూ గోడ పట్టుకునే నడుస్తుంది. దాని ఒంటి జిడ్డు అంటి అంటి గోడ అడుగున నల్లటి చార పడుతుంది. మా వంటింట్లో ఆ చార సింక్ కింద, పైపు బయటికి పోయే బొక్క దగ్గర మొదలైంది. పైపు చుట్టూ బొటనవేలు దూరేంత సందు ఉంది. అత్తమ్మ అక్కడ ముగ్గుపిండి పలచగా చల్లింది. తెల్లారి చూస్తే చిన్న చిన్న అడుగులు, వాటి నడుమ తోక ఈడ్చిన గీత స్పష్టంగా కనిపించాయి. ఎలుకకు ఆ మాత్రం సందు చాలు. చుంచెలుకకైతే పెన్సిల్ పట్టేంత ఉన్నా చాలు.

మేస్త్రి వచ్చి "ఉత్త సిమెంటు పెడితే అయిపోతదమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎలుక ముందరి పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అది కొరకడం మానదు. బోళ్లు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కించి, దాని మీద సిమెంటు పెట్టించాను. మోరీ నోటికి ఇనుప జాలి, దిడ్డి దర్వాజ కింద రబ్బరు పట్టీ వేయించాం. అప్పటికే లోపల చిక్కినవి ఉంటాయి కదా, వాటి కోసం బోను మాత్రం ఉంచాం. అవి పడ్డాక ముగ్గుపిండి చల్లినా మళ్లీ అడుగులు పడలేదు.

తర్వాత సజ్జ ఖాళీ చేశాం. ఎలుక ఉచ్చతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది కాబట్టి పెంటికలను ఊడ్చలేదు. చేతులకు గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లతో తడిపి, కాసేపు ఆగి గుడ్డతో తుడిచేశాం. టీవీ వచ్చిన అట్టపెట్టె దులిపితే బొద్దింకలు జలజలా రాలాయి. చిన్నవి, మెడ మీద రెండు నల్ల గీతలున్నవి. మోరీలోంచి వచ్చే ఎర్రటి పెద్ద బొద్దింకలు వేరు. వాటికి జాలి అడ్డం పడుతుంది. ఈ చిన్నవి ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే పెరిగే రకం, ఒక్కో గుడ్ల సంచిలో ముప్పై, నలభై పిల్లలు. వాటికి ఇరుకు, వెచ్చదనం, తడి కావాలి. ఫ్రిజ్ వెనక, మిక్సీ అడుగున, అట్టపెట్టెల మడతల్లో ఉంటాయి. అందుకే మా ఇంట్లో ఇప్పుడు అట్టపెట్టె ఒక్క పూట కూడా ఉండదు.

బొద్దింక తిండి లేకున్నా నెల దాకా బతుకుతుంది. నీళ్లు లేకపోతే ఈ చిన్న రకం రెండు వారాలు మించి బతకడం కష్టం. ఈ సంగతి తెలిశాక నేను తడి మీదే పడ్డాను. రాత్రి ఎంగిలి బోళ్లు ఉంచొద్దని మా అమ్మమ్మ ఎప్పుడూ అనేది. దానికి ఇంకొకటి కలిపాను: సింక్ పొడిగుడ్డతో తుడిచాకే లైటు తీయాలి. కారే నల్లాకు వాషర్ మార్పించాం. ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రే ఒకటి ఉంటుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, దాన్ని గుర్తుపెట్టుకుని ఒంపేస్తాం. స్టవ్ జరిపి కింద తుడుస్తాం. అక్కడ జారిన పోపు గింజలు, నూనె జిడ్డే వాటికి ఓ పూట భోజనం. తడి చెత్త మూత డబ్బాలో వేసి పొద్దున చెత్త బండికి ఇచ్చేస్తాం. బియ్యం స్టీలు డ్రమ్ములోకి మారాయి.

ఈ పనంతా ఆడమనిషి ఒక్కదాని మీద వేస్తే నాలుగు రోజులు కూడా నిలవదు. మా ఇంట్లో బోళ్లు నావి, సింక్, స్టవ్ మా ఆయనవి. ఆయన డ్యూటీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా ఆ గుడ్డ ముట్టకుండా పడుకోరు.

నెలలు గడిచేకొద్దీ బొద్దింకలు పలచబడ్డాయి. ఎక్కడన్నా ఒకటి కనిపిస్తే ఆ చుట్టూ తడి ఎక్కడుందో వెతుకుతాను, దొరుకుతుంది కూడా. పక్కింటి అక్క వాళ్లదీ మాదీ ఒకటే మోరీ. ఆమె ఇంకా బోను పెడుతోంది. మా జాలి కింది అంచు తుప్పు పట్టింది, వానలు మొదలయ్యేలోపు మార్చాలి. మేస్త్రి వస్తే ఆమె వైపు కూడా ఒకటి బిగించమని చెబుదాం అంటే సరేనంది.