వరుస రాయడం, నడవకముందే ఊహించడం

పిల్లలకు ప్రోగ్రామింగ్ పరిచయం చేసేటప్పుడు చాలామంది ముందుగా చేయించేది బొమ్మల కార్డులను వరుసలో పేర్పించడం. విత్తనం, మొలక, మొక్క, పువ్వు అని నాలుగు కార్డులిచ్చి సరైన క్రమంలో పెట్టమంటారు. ఏది ముందో ఏది వెనకో గ్రహించడానికి అది మంచి అభ్యాసమే గాని, అక్కడితో ఆగిపోతే ప్రోగ్రామింగ్ ఇంకా మొదలు కానట్టే అని నా అభిప్రాయం. ఆ కార్డులు తారుమారైనా ఏమీ జరగదు. పక్కనున్న పెద్దవాళ్లు చెబితేనే అది తప్పని తెలుస్తుంది. ప్రోగ్రామ్‌లో రాసే వరుస ఇంకా జరగని పనిని జరిపించాలి. సూచనలన్నీ ముందే రాసి, వాటిని మరొకరి చేతికి అప్పగించి, మధ్యలో నోరు మెదపకుండా ఫలితం కోసం చూడవలసి వచ్చినప్పుడే క్రమం ఎందుకు ముఖ్యమో పిల్లలకు అనుభవంలోకి వస్తుంది.

ఈ ఆలోచనకు చాలా కాలంగా పునాది ఉంది. గణితవేత్త సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వారి సహచరులు 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. కొన్నేళ్లకే దానికి సూచనల ప్రకారం కదులుతూ గీతలు గీసే, తాబేలు అని పిలిచే చిన్న రోబో తోడైంది. అంతకుముందు జెనీవాలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన జాన్ పియాజేతో కలిసి పనిచేసిన పాపర్ట్‌కు, పిల్లలు తమ చేతులతో కట్టుకున్న జ్ఞానమే నిలుస్తుందన్న నమ్మకం గట్టిగా ఉండేది. తాబేలు ఎటు పోవాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడు అన్న సలహా ఆ నమ్మకం నుంచి పుట్టిందే. చిన్నపిల్లలకు నేర్పే విషయంలో ఇంతకన్నా పనికొచ్చే సలహా నాకు కనబడలేదు.

దాని విలువ మలుపుల దగ్గర తెలుస్తుంది. నేల మీద గళ్లు గీసి, ఒకరిని రోబోగా నిలబెట్టి, ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అనే మూడు సూచనలు మాత్రమే వాడమంటే, ఎక్కువమంది పిల్లలు 'కుడికి తిరుగు' అంటే కుడివైపు గడిలోకి వెళ్లడం అనుకుంటారు. రోబో ఉన్న గడిలోనే ఉండి ముఖం మాత్రం తిప్పేసరికి, అది మాట వినలేదని ఫిర్యాదు చేస్తారు. తిరగడం వేరు, నడవడం వేరు అని ఎన్నిసార్లు చెప్పినా ఆ అపోహ పోదు. ఆ పిల్లలే గడిలో నిలబడి, పాదాలు తిప్పి, ఆగి, తర్వాత అడుగు వేస్తే పోతుంది. రోబో తమకు ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు మరో చిక్కు వస్తుంది, ఎందుకంటే దాని కుడి వాళ్లకు ఎడమ అవుతుంది. అప్పుడు బాణం గుర్తులు అతికించి సాయపడే కన్నా, పిల్లలను రోబో వెనక్కి వెళ్లి అది చూస్తున్న వైపే చూడమనడం మేలు.

మలుపు అర్థమైన తర్వాత నేను తప్పకుండా ఇచ్చే చిన్న లెక్క ఒకటుంది. 'ముందుకు, కుడికి తిరుగు' అన్న వరుసకూ, 'కుడికి తిరుగు, ముందుకు' అన్న వరుసకూ తేడా ఏమిటో నడవకుండానే చెప్పమంటాను. రెండింటిలోనూ సూచనలు అవే, చివరికి ముఖం తిరిగి ఉండే దిక్కూ ఒకటే, కాని చేరే గడి మాత్రం వేరు. అదే 'కుడికి తిరుగు, ఎడమకు తిరుగు' అన్న జతను తారుమారు చేస్తే ఫలితంలో ఏ మార్పూ ఉండదు. ఏ రెండు సూచనలను మార్చుకోవచ్చు, ఏ రెండింటిని మార్చుకోకూడదు అన్న ప్రశ్నను పిల్లలు తమంతట తాము అడగడం మొదలుపెడితే, నా దృష్టిలో వరుస అనే భావన వాళ్లకు పట్టుబడినట్టే. ప్రతి సూచనా అంతకుముందు సూచన రోబోను వదిలిపెట్టిన చోటు నుంచే పనిచేస్తుందని అప్పటికి వాళ్లు గ్రహించి ఉంటారు.

తేనెటీగ ఆకారంలో ఉండే బీ-బాట్ వంటి బొమ్మ రోబో ఉంటే ఇదే పాఠాన్ని దానితో కొనసాగించవచ్చు. అది ఒక్కో అడుగుకు 15 సెంటీమీటర్లు కదులుతుంది, 90 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. పాత సూచనలను చెరిపే బటన్ నొక్కకపోతే కొత్తవి వాటి వెనకే చేరతాయి కనుక, రెండోసారి అది అనుకోని దారి పట్టడం మామూలే. ఆ క్షణంలో కారణం చెప్పేయాలనిపిస్తుంది గాని, చెప్పకూడదు. రాసుకున్న కాగితం మీద ఒక్కో సూచన దగ్గర వేలు పెట్టి, రోబో ఆ సూచనే పాటించిందో లేదో పోల్చుకుంటూ పోతే ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలే కనిపెడతారు. ఫలితం తప్పగానే మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలని చాలామంది ఆరాటపడతారు. తప్పిన ఒక్క సూచనను పట్టుకుని దాన్నే సరిచేయడం వాళ్లకు ఓపికగా అలవాటు చేయాలి. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్‌లో సూచనల బ్లాకులు ఎడమ నుంచి కుడికి చదువుకునే తీరులో అమరుతాయి కనుక, కాగితం మీది అలవాటు తెర మీదికీ సులభంగా వస్తుంది.

పునరావృతాన్ని తొందరపడి నేర్పకూడదు. చతురస్రం గీయాలంటే 'ముందుకు, కుడికి తిరుగు' అన్న జతను నాలుగుసార్లు రాయాలి. రాసి విసిగిన పిల్లలే మూడోసారికల్లా 'మళ్లీ ఇదే' అని రాయడం మొదలుపెడతారు. ఒకే జతను నాలుగుసార్లు చేయించే లోగో సూచన 'రిపీట్ 4' చూపించడానికి అదే సరైన సమయం. అప్పుడు కొందరు, నాలుగో గీతతో బొమ్మ పూర్తయింది కదా, చివరి మలుపు ఎందుకని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. ఆ మలుపు లేకుండా ఒక చతురస్రం, ఉంచి ఒక చతురస్రం గీయించి, ఒక్కోదాని తర్వాత తాబేలు ఆగిన చోటు నుంచే అదే సూచనలతో ఇంకో చతురస్రం గీయమనాలి. మలుపు ఉన్నచోట తాబేలు మొదలైన దిక్కుకే తిరిగి వచ్చి ఉంటుంది కనుక రెండో బొమ్మ మొదటిదాని మీదే పడుతుంది. లేనిచోట రెండో బొమ్మ పక్కకు జరిగిపోతుంది. ఎందుకలా జరిగిందో వాళ్లే లేచి, గళ్లలో నడిచి చెబుతారు.