మాత్ర తగ్గిన రోజు

బెంగళూరు, రామమూర్తినగర్. మంగళవారం రాత్రి.

తెల్లవారుజామున 5 గంటల 20 నిమిషాలకు ఫోను మోగగానే లేచి, థైరాయిడ్ మాత్రను మంచినీళ్ళతో మింగి, ఆ తరువాత కాఫీ కోసం గంటసేపు గడియారం చూస్తూ కూర్చోవడం ఏడేళ్ళుగా నాకు అలవాటైపోయింది. ఈ రోజు కూడా అలాగే 150 మైక్రోగ్రాముల సీసాలోంచి ఒక మాత్ర తీసి వేసుకున్నాను. సాయంత్రానికి ఆ సీసాతో పని తీరిపోతుందని అప్పటికి తెలియదు.

మూడు వారాలుగా ఆఫీసులో ఒక అంతస్తు మెట్లు ఎక్కేసరికే గుండె దడదడలాడుతోంది, రాత్రి పడుకుంటే చెవిలో నాడి వినిపిస్తోంది. రక్తపరీక్ష ఫలితం పదకొండు గంటలకు ఫోనులోకి వచ్చింది. సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాల్సిన టీఎస్‌హెచ్ 0.18 ఉంది. ఏళ్ళ తరబడి ఆ అంకె ఎక్కువగా ఉందని బాధపడిన నేను, మొదటిసారి తక్కువగా ఉందని బాధపడవలసి వచ్చింది. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథిని పనిచేయమని ఒళ్ళు పంపే సంకేతం, హార్మోను చాలకపోతే పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. అంటే ఇప్పుడు నా ఒంట్లో హార్మోను అవసరానికి మించి ఉందన్నమాట.

ఇంతకు ముందు కథ దీనికి పూర్తిగా తలకిందులు. మాత్ర 50తో మొదలై 75, 100, 125 దాటి 150కి చేరింది, అయినా టీఎస్‌హెచ్ 9కి దిగువకు రాలేదు. గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయడం మానేసిన మనిషికి సైతం శరీర బరువులో కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున మాత్ర సరిపోతుందని తరువాత తెలుసుకున్నాను. ఆ లెక్కన 54 కిలోలున్న నాకు 86 చాలు. దానికి దాదాపు రెట్టింపు మింగుతున్నా ఫలితం లేదంటే ఎక్కడో ఏదో అడ్డం పడుతోందని అనుకోవాలి కదా. నేను అప్పుడు చూపించుకుంటున్న వైద్యుడు మాత్రం అలా అనుకోలేదు. వెళ్ళిన ప్రతిసారీ, "మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగి, నేను తల ఊపేలోపే, "చాలామంది ఆడవాళ్ళు ఇంటిపనిలో పడి మరిచిపోతారు" అని తానే జవాబు చెప్పేసుకునేవాడు. ఒకసారి మా ఆయనను సాక్షిగా వెంట తీసుకువెళ్ళాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

హిందూపురం నుంచి అమ్మ వచ్చినప్పుడల్లా నన్ను ఎగాదిగా చూసి, "తిన్నది ఒంటికి పట్టడం లేదు నీకు" అనేది. ముఖం ఉబ్బి ఉన్నా కళ్ళ కింద తెల్లగా పాలిపోయి ఉండేదాన్ని, హిమోగ్లోబిన్ 8.6, ఐరన్ మాత్రలు ఎన్ని నెలలు వేసుకున్నా అక్కడే ఉండేది. విరేచనాలు, కడుపునొప్పి లాంటివేవీ లేవు కనుక ఎవరి దృష్టీ కడుపు మీదికి పోలేదు. మూడో ఏట నేను మారిన, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టు పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి, థైరాయిడ్ మాత్రా పనిచేయడం లేదు, ఐరన్ మాత్రా పనిచేయడం లేదు, ఈ రెండూ రక్తంలోకి చేరేది చిన్నపేగు నుంచే కదా అని అన్నారు. ఆ రెండు మాత్రల మధ్య నాలుగు గంటల ఎడం పాటిస్తున్నానా అని మొదట రూఢి చేసుకుని, ఆ తరువాతే ఒక పేగు జబ్బును పట్టే టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ యాంటీబాడీల రక్తపరీక్ష రాశారు. ఆ పరీక్ష ఐజీఏ రకం యాంటీబాడీలను వెతుకుతుంది, కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువగా ఉండి జబ్బు ఉన్నా లేనట్టే చూపిస్తుంది కాబట్టి మొత్తం ఐజీఏ కూడా చూడమన్నారు. యాంటీబాడీలు చాలా ఎక్కువగా వచ్చాయి. ఎండోస్కోపీలో తీసిన ముక్కల్ని పరీక్షిస్తే, పేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డకు నూగులా నిలబడి ఉండాల్సిన విల్లై అనే సన్నని పోగులు అరిగి చదునైపోయాయని, ఇది సీలియాక్ జబ్బేనని తేలింది. అమ్మ మాట అక్షరాలా నిజమైంది.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ తగిలితే రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే విరుచుకుపడడం సీలియాక్. అదే వ్యవస్థ థైరాయిడ్ గ్రంథి మీద పడితే, 1912లో హకారు హషిమోటో అనే జపాను వైద్యుడు వర్ణించిన, ఆయన పేరుతోనే పిలిచే జబ్బు వస్తుంది. నాది అదే. రెండింటికీ కొన్ని జన్యువుల పోలిక ఉంది. సీలియాక్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఉండే డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యు రకాలు ఇలాంటి థైరాయిడ్ జబ్బుల్లోనూ మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఒకటి ఉన్నవాళ్ళలో రెండోది వెతకడం వృథా కాదు, ఇలాంటి థైరాయిడ్ జబ్బు ఉన్న నూరుమందిలో రెండు నుంచి ఐదుగురికి సీలియాక్ బయటపడుతుందని అంచనా.

ఇక్కడ నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చే సంగతి ఒకటుంది. మేము సంగటి తిని పెరిగినవాళ్ళం, గోధుమపిండి మా ఇంట్లో పండగపూట ఓళిగలకో, ఎవరికైనా జ్వరం వస్తే చపాతీలకో తప్ప కనిపించేది కాదు. థైరాయిడ్ అని తెలిశాక, బరువు పెరుగుతావు, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తిను అని అపార్టుమెంటులో చెప్పనివాళ్ళు లేరు, నేను రెండేళ్ళు నిష్ఠగా తిన్నాను. మందును అడ్డుకుంటున్నదాన్ని మందుగా తిన్నానన్నమాట. పాత వైద్యుడి మీద కోపం ఉన్నా ఒక్క విషయంలో ఆయనను పూర్తిగా తప్పు పట్టలేను. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో సీలియాక్ 1.23 శాతం మందికి ఉంటే దక్షిణాదిన 0.10 శాతమే. వెయ్యిమందిలో ఒకరి కోసం ఎవరు వెతుకుతారు? కాని మాత్ర వేసుకోవడం లేదని నన్ను అనుమానించడం కంటే ఆ ఒకరిని నేనేనేమోనని అనుమానించడం తేలికయ్యేది.

మధ్యాహ్నం క్యాంటీనులో అందరూ చౌ చౌ బాత్ తెప్పించుకున్నారు. ఖారా బాత్, కేసరి బాత్ రెండూ రవ్వే కనుక నాకు రెండు గుమ్మటాలూ నిషిద్ధమే. నా డబ్బాలో పెరుగన్నం ఉంది. సాంబారు కూడా పోయించుకోను, ఎందుకంటే బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావరకు మైదా కలుపుతారు. ఇది తెలిసిన రోజు నాకు గోధుమ పోయినందుకు కంటే ఇంగువ పోయినందుకే ఎక్కువ దిగులేసింది. వరిపిండి కలిపిన ఇంగువ ఒకటి దొరికాక ఇంట్లో చారు మళ్ళీ చారైంది. రాగులు కూడా పిండి మిషనుకు పంపడం మానేసి ఇంట్లోనే మిక్సీలో వేస్తున్నాను. అంతకు ముందు ఎవరి గోధుమలు ఆడించారో ఆ మిషనుకు గుర్తుండదు కదా.

ఆరున్నరకు డాక్టరుగారు ఫలితం చూసి తేలికగా నవ్వారు. "పేగు కోలుకుంది, ఇప్పుడు మాత్ర పూర్తిగా ఒంటికి పడుతోంది, అందుకే ఎక్కువైంది" అన్నారు. ఆయన నోట అమ్మ మాటే వినిపించేసరికి నేనూ నవ్వాను. మాత్రను 125కి తగ్గించి, ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారు. హార్మోను ఎక్కువైతే గుండెకే కాదు, సీలియాక్ వల్ల ముందే పలచబడిన నా ఎముకలకూ చేటని చెప్పారు. ఇలాగే తగ్గుతూ పోతే ఒకరోజు మాత్ర మానేయవచ్చా అని ఆశగా అడిగాను. గ్లూటెన్ మానితే బాగయ్యేది పేగు మాత్రమేనని, గ్రంథి ఇప్పటికే దెబ్బతిన్నది కాబట్టి మాత్ర జీవితాంతం ఉంటుందని స్పష్టంగా చెప్పారు. సీలియాక్ లేని థైరాయిడ్ రోగులు గోధుమ మానితే మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదట. మా పక్క సీటు ఆవిడ నన్ను చూసి చపాతీలు మానేస్తానంటోంది, ముందు పరీక్ష చేయించుకోమని రేపు చెప్పాలి. గోధుమ మానేశాక చేయిస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా పరీక్షకు చిక్కదు.

రాత్రి అమ్మ ఫోను చేసి, "ఎంత తగ్గించినారమ్మా?" అని అడిగింది. చెప్పాను. తరువాత గొంతు తగ్గించి, "పాపకు?" అంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఐదు నుంచి పది శాతం మందికి ఈ జబ్బు ఉండే అవకాశం ఉంది కనుక, పదేళ్ళ మా అమ్మాయికి శనివారానికి రక్తపరీక్ష రాయించుకున్నాము. అప్పటిదాకా దానికి గోధుమ మానిపించకూడదు. అందుకని ఇప్పుడు, నేను ఈ డైరీ రాస్తుండగా, మా ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, పాపకోసం విడిగా ఉంచిన పెనం మీద రెండు చపాతీలు కాలుస్తున్నారు. పిండి ఇటు ఎగరకుండా ఫ్యాను కూడా వేసుకోలేదు, చెమటలు కక్కుతూ ఉంటారు.