అరవై హెర్ట్జ్ పాట, యాభై హెర్ట్జ్ దేశం

రాకబిల్లీ అంటే యాభైల్లో అమెరికాలో కంట్రీ పాటా బ్లూసూ కలిసి పుట్టిన తొలి రకం రాక్ అండ్ రోల్. ఆ బృందానికి సామాను తక్కువ. ఒక గొంతు, ఒక ఎలక్ట్రిక్ గిటార్, లయ కోసం ఒక అకూస్టిక్ గిటార్, ఒక డబుల్ బాస్, మహా అయితే ఒక స్నేర్ డ్రమ్ము. 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుకు డ్రమ్మరే లేడు. బిల్ బ్లాక్ తన బాస్ తీగను లాగి వదిలితే అది చెక్క మీద పడి చేసిన టక్కుటక్కు చప్పుడే డ్రమ్ము పని చేసింది. ఇంత కొద్ది సామానుతో నడిచే సంగీతంలో దేన్ని కాస్త కదిపినా చెవికి తెలిసిపోతుంది. అందుకే, డెబ్బై దాటిన ఒక అమెరికన్ రాకబిల్లీ గాయకుడు బ్రిటన్ వచ్చి పాడి, అక్కడే రికార్డు కూడా చేయాలంటే అసలు తంటా వయసుతో కాదు, గోడలో ఉన్న ప్లగ్గుతో.

దారి కొత్తదేం కాదు. అమెరికన్ గాయకుడు జీన్ విన్సెంట్ 1959 డిసెంబరులోనే లండన్ చేరాడు. 1960 ఏప్రిల్ 16 రాత్రి చిప్పెన్‌హామ్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో తోటి గాయకుడు ఎడ్డీ కాక్రన్ దెబ్బలు తగిలి మర్నాడు చనిపోయాడు, అదే కారులో ఉన్న విన్సెంట్ గాయపడ్డాడు. అదే ఏడాది అతను లండన్‌లో ఇంగ్లిష్ కుర్రాళ్లను వెంటపెట్టుకుని రికార్డు చేశాడు. 1977లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో చార్లీ ఫెదర్స్, వారెన్ స్మిత్, జాక్ స్కాట్, బడ్డీ నాక్స్ ఒకే రాత్రి పాడారు. సొంత ఊళ్లో జనం దాదాపు మరిచిపోయిన పేర్లకు అక్కడ హాలు నిండింది. 1980లో న్యూయార్క్ పక్కనుంచి స్ట్రే క్యాట్స్ వచ్చి ముందు లండన్‌లోనే పేరు తెచ్చుకున్నారు. వినేవాళ్లు ఉన్నారన్నది తేలిన విషయమే. ఇక మిగిలింది మోత సరిగ్గా రావడం.

ముందు ఆంప్ సంగతి, అంటే గిటార్ మోతను పెంచే పెట్టె. యాభైల నాటి ఫెండర్ లాంటి ట్యూబ్ ఆంప్ 110 నుంచి 117 వోల్టుల కోసం చేసింది. బ్రిటన్ గోడలో పేరుకు 230, చాలాచోట్ల నిజంగా వచ్చేది 240కి దగ్గర. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 230 నుంచి 110 అని రాసి ఉన్నది తీసుకుంటే 240 దగ్గర 115 వోల్టులు ఇస్తుంది, పాత ఆంప్‌కి అతికినట్టు సరిపోతుంది. 230 నుంచి 120 అన్నది తీసుకుంటే 125 వస్తుంది, ట్యూబులు వేడెక్కుతాయి. ఆంప్ వెనక 180 వాట్లు అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ 500 వి.ఎ. (వోల్ట్-ఆంపియర్లు) ఉండాలి. స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటు చాలా ఎక్కువ, చిన్నది పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ల కోసం విమానాశ్రయాల్లో అమ్మే తేలికపాటి కన్వర్టర్‌ను ఆంప్ దగ్గరికి కూడా రానివ్వకండి. అది తరంగాన్ని ముక్కలుగా కోస్తుంది, ఆంప్ ఏడుస్తుంది, ఒక్కోసారి చస్తుంది.

ఆ కాలపు ఆంప్‌లకు రెండు పిన్నుల తీగే ఉంటుంది, ఎర్త్ ఉండదు. కరెంటు తీగకూ ఛాసిస్‌కూ (లోపలి ఇనుప చట్రానికి) మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది షార్ట్ అయితే గిటార్ తీగలకే కరెంటు వస్తుంది, పెదవి మైక్‌కు తగలగానే దెబ్బ కొడుతుంది. బయలుదేరకముందే ఆ కెపాసిటర్ తీసేయించి మూడు పిన్నుల తీగ వేయించాలి. పాతదనం పోతుందని బాధపడేవాళ్లుంటారు. తీసిన ముక్కను కవరులో వేసి ఆంప్ అడుగున అంటించుకోవచ్చు.

వోల్టేజీ గొడవ ఇంతటితో సరి. అందరూ మరిచిపోయేది హెర్ట్జ్. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, బ్రిటన్‌లో 50 సార్లు. స్టెప్‌డౌన్ పెట్టె వోల్టులను తగ్గిస్తుందే కానీ ఈ ఊపును ముట్టుకోదు. 60 కోసమే చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే దాని ఇనుప గుండెలో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. మామూలు కంటే వేడెక్కుతుంది, గట్టిగా బుర్రుమంటుంది. రెండు సెట్లు వాయించాక చెయ్యి పెట్టలేనంత కాలితే ఆ ఆంప్‌ను ఇంట్లో వదిలి, అక్కడ 230 వోల్టులకు చేసిన దాన్ని అద్దెకు తీసుకోవడమే మేలు. హమ్, అంటే కరెంటు వల్ల ఆంప్‌లో వినబడే సన్నని మోత, దాని శ్రుతి కూడా మారుతుంది. అమెరికా హమ్ బి-ఫ్లాట్‌కూ బి-కీ మధ్య ఎక్కడో ఉంటుంది, బ్రిటన్‌ది జి-కి రవ్వంత పైన. పాత గ్రెట్ష్ గిటార్ల మీద ఉండే సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే ముక్క) దీన్ని బాగా పట్టేస్తుంది, జి-లో పాడితే కొంత దాక్కుంటుంది. ఇదే జాతి గిటార్లకు హమ్ పోగొట్టే పికప్ చేసిన రే బట్స్, అంతకుముందు టేప్ ఎకో లోపలే పెట్టిన ఎకోసానిక్ ఆంప్ చేసినవాడు. ఎల్విస్ గిటారిస్టు స్కాటీ మూర్ 1955లో కొన్నది ఆ ఆంప్‌నే.

ఎకో దగ్గరికి వచ్చాం కాబట్టి అక్కడే కాసేపు ఆగాలి. ఈ సంగీతం ప్రాణమంతా స్లాప్‌బ్యాక్‌లో, అంటే శబ్దం వెనకే ఒక్కసారి వినబడే ప్రతిధ్వనిలో ఉంది. సన్ స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ చేసిన పని సూటిగా చెప్పొచ్చు. మిక్సర్ నుంచి వచ్చే శబ్దాన్ని రెండో టేప్ రికార్డర్‌కు పంపాడు. అది రికార్డు హెడ్ దగ్గర టేపు మీద పడి, కాస్త జరిగి, ప్లే హెడ్ చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమైన శబ్దాన్ని మళ్లీ మిక్సర్‌లో కలిపాడు. ఆలస్యమెంతో లెక్క తేలికే, రెండు హెడ్ల మధ్య దూరాన్ని టేపు వేగంతో భాగించడమే. దూరం 2 అంగుళాలు, వేగం సెకనుకు 15 అంగుళాలు అయితే 133 మిల్లీసెకన్లు. అదే యంత్రాన్ని 7.5 మీద నడిపితే 267, అది వేరే పాట అయిపోతుంది.

ఈ 133లో ఒక చమత్కారం ఉంది. నిమిషానికి 150 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బ 400 మిల్లీసెకన్లు. తిశ్ర నడకలో దాన్ని మూడుగా పంచితే ఒక్కో భాగం 133. అంటే ఎకో సరిగ్గా ఊపులో పడి పాటను ముందుకు తోస్తుంది. ఇప్పుడు పాత అమెరికన్ రికార్డర్‌ను బ్రిటన్‌లో పెట్టండి. దాని మోటార్ కరెంటు ఊపుతో కలిసి తిరిగే సింక్రనస్ మోటార్, 60కి బదులు 50 అందితే ఆరింట ఐదు వంతుల వేగంతో తిరుగుతుంది. 15 అంగుళాలు 12.5 అవుతాయి, ఎకో 133 నుంచి 160కి జారుతుంది. 160 సరిగ్గా ఒదిగేది 125 దెబ్బల పాటకు. 150లో పాడేవాడికి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకు లాగుతున్నట్టుంటుంది. బృందం తప్పు వాయిస్తోందని డ్రమ్మరును తిడతారు, పాపం అతని తప్పేం ఉండదు.

ఎకో వరకే అయితే ఫర్వాలేదు, అసలు రికార్డింగ్ యంత్రమే అలా తిరిగితే ఇంకా దారుణం. స్టూడియోలో తెలియనే తెలియదు, ఎందుకంటే నెమ్మదిగా రికార్డు చేసి అంతే నెమ్మదిగా తిరిగి వింటారు, లెక్క సరిపోతుంది. తేడా బయటపడేది ఆ టేపును వేరే చోట సరైన 15 మీద పెట్టినప్పుడు. రెండున్నర నిమిషాల పాట 2 నిమిషాల 5 సెకన్లలో ముగిసిపోతుంది, శ్రుతి మూడు సెమీటోన్లకు పైగా ఎక్కుతుంది, డెబ్బై ఏళ్ల గొంతు కుర్రాడి కీచు గొంతైపోతుంది. ముందే పట్టుకోవాలంటే సరైన యంత్రం మీద 1,000 హెర్ట్జ్ టోన్ రికార్డు చేసిన టేపును వెంట తెచ్చుకుని స్టూడియో యంత్రం మీద వినిపించి మీటర్ చూడాలి. 1,000 చూపితే సరే, 833 చూపితే మోటార్ 50 మీద నడుస్తున్నట్టు. మందు మూడు రకాలు: మోటార్‌కు విడిగా 60 హెర్ట్జ్ ఇచ్చే సరఫరా, 50 హెర్ట్జ్ మోటార్, లేదా క్యాప్‌స్టన్‌కు (టేపును లాగే ఇరుసుకు) 1.2 రెట్లు లావున్న తొడుగు. తొడుగు వేసినా మోటార్ కెపాసిటర్ విలువ చూసుకోవాలి, లేకపోతే మోటార్ ఉడికిపోతుంది. ఐరోపాలో తయారైన యంత్రాలున్న స్టూడియోలో ఈ బెడదే లేదు. అక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఎకో తిరిగొచ్చే ఛానెల్ నుంచి ఎకో యంత్రానికి పంపే నాబ్ పూర్తిగా మూసి ఉండాలి. కొంచెం తెరిచినా ఒక్క ప్రతిధ్వని పదవుతుంది, ఆ వెంటనే ఊళ. స్లాప్‌బ్యాక్ అంటే ఒక్కసారి కొట్టి ఊరుకోవాలి.

గదిలో అమరిక పెద్ద విద్యేం కాదు. అందరూ ఒకే గదిలో, హెడ్‌ఫోన్లు లేకుండా, ఒకరి మొహం ఒకరికి కనబడేలా. గొంతుకు రిబ్బన్ మైక్ అయితే అది ముందూ వెనకా వింటుంది, పక్కలకు చెవిటిది. ఆ చెవిటి పక్కను స్నేర్ వైపు తిప్పాలి. క్లిక్ ట్రాక్ (లయ కోసం చెవిలో కొట్టే టిక్కుటిక్కు) వద్దు. నాలుగో టేక్ దాటితే గొంతు అరుగుతుందే కానీ పాట మెరుగుపడదు.

డబుల్ బాస్‌ను విమానంలో తేవడం డబ్బున్నవాళ్ల వ్యవహారం, అక్కడే అద్దెకు తీసుకుంటారు. అడగాల్సింది మూడు ముక్కలు: త్రీక్వార్టర్ సైజు, పై రెండు తీగలు గట్ (జంతువుల పేగుతో చేసినవి) లేదా గట్ లాంటి మెత్తనివి, వేలుపట్టీ చివర తీగ ఎత్తు ఎంత. జాజ్ వాయించేవాళ్లు స్టీలు తీగలు వేసి కిందికి దించి ఉంచుతారు. దాని మీద స్లాప్ చేస్తే తీగ వెనక్కి లాగడానికి చోటుండదు, రెండు పాటలకే వేళ్లు బొబ్బలెక్కుతాయి. స్టేజి మీద రెండు పికప్‌లు కావాలి, స్వరానికి బ్రిడ్జి దగ్గర ఒకటి, టక్కు చప్పుడుకు వేలుపట్టీ దగ్గర ఒకటి, రెండూ వేర్వేరు ఛానెళ్లలో. ఒక్కదానితో సరిపెడితే సౌండ్ కుర్రాడు స్వరం పెంచబోయి టక్కు ముంచుతాడు.

బ్రిటన్ వీకెండర్లలో, అంటే శని ఆదివారాల్లో జరిగే సంగీత జాతరల్లో, ఉదాహరణకు నార్‌ఫోక్ తీరంలోని హెమ్స్‌బీలో, వచ్చిన గాయకులకు స్థానిక బృందమే వాయిస్తుంది. రిహార్సల్ అంటే ఒక మధ్యాహ్నం. వాళ్లు పాత 45 రికార్డులను అరగదీసి విన్నవాళ్లు, గాయకుడు మరిచిపోయిన రెండో సోలో కూడా వాళ్లకు నోటికి వచ్చు. చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. కుర్ర వయసులో ఇ-లో పాడిన పాట ఇప్పుడు డి-కి దిగి ఉంటుంది. బృందం రికార్డు విని ఇ-లో సాధన చేసి ఉంటుంది. ఇ-లో ఉన్న గిటార్ పలుకు ఖాళీ తీగల మీద నిలబడింది, డి-కి మార్చి పట్టుకుంటే ఆ గణగణ పోతుంది. అందుకని గిటార్‌నే రెండు సెమీటోన్లు దించి, వేళ్లు ఇ-లోనే ఆడించడం మంచిది. తీగలు వదులవుతాయి కాబట్టి ఒక సైజు లావువి వేయాలి, కాబట్టి ఈ కబురు వారం ముందే చేరాలి. పాట పేరు, ఇప్పటి శ్రుతి, వేగం, ఎవరు మొదలుపెడతారు, ఎలా ఆపుతారు, ఇవి ఒక్క కాగితంలో పంపితే చాలు. వేగం తప్పక రాయాలి. ఉత్సాహంలో బృందం ఎప్పుడూ పరుగెడుతుంది, ముందున్న జనం జైవ్ నాట్యం ఆడలేక పక్కకు జరిగిపోతారు.

కాగితాల పనిని త్వరగా ముగించేస్తాను. అమెరికన్ గాయకుడికి అక్కడి నిర్వాహకులు లేదా ఏజెంటు స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తే మూడు నెలల దాకా క్రియేటివ్ వర్కర్‌గా వీసా లేకుండా రావచ్చు, ముందుగా ఇ.టి.ఎ. (ప్రయాణ అనుమతి) తీసుకుంటే చాలు. విమానాశ్రయంలో మాత్రం ఈ-గేటు (యంత్రమే పాస్‌పోర్టు చూసే ద్వారం) గుండా వెళ్లకూడదు, అధికారి దగ్గరికే వెళ్లి ముద్ర వేయించుకోవాలి. గేటు తొందరగా తెరుచుకుందని సంబరపడినవాళ్లు పనిచేసే అనుమతి లేకుండా బయటపడతారు. పాత మార్టిన్ డి-28 అకూస్టిక్ గిటార్ చేత పట్టుకొస్తుంటే జాగ్రత్త. 1969 దాకా చేసిన వాటి వీపు బ్రెజిల్ రోజ్‌వుడ్, ఆ కలప 1992 నుంచి సైటీస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. మిగతా రోజ్‌వుడ్ వాయిద్యాలకు 2019లో దొరికిన సడలింపు దీనికి లేదు. సర్టిఫికెట్ లేకుండా తేవడం కన్నా కొత్త గిటార్ తేవడం నయం.

పారితోషికంలో 20 శాతాన్ని నిర్వాహకులు పన్నుగా పట్టి ప్రభుత్వానికి కడతారు. వాళ్లు కొనిచ్చిన విమాన టికెట్టూ పారితోషికం కిందికే వస్తుంది. ఆ పన్ను సంవత్సరంలో పారితోషికం మొత్తం 12,570 పౌండ్లు దాటకపోతే పట్టనక్కర్లేదు, కానీ ఈ మాట ఒప్పందం రాసేటప్పుడే ఎత్తాలి. పట్టాక వెనక్కి రాబట్టడం నెలల పని.

రికార్డు అక్కడే చేయడంలో ఒక లాభం ఉంది, చాలామంది పెద్దవాళ్లకు తెలియదు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రాసినవాడికి డబ్బు, పాడినవాడికి సున్నా. బ్రిటన్‌లో పాడినవాడికీ వాయించినవాడికీ కూడా వాటా ఉంటుంది, పి.పి.ఎల్. అనే హక్కుల సంస్థ వసూలు చేసి పంచుతుంది. ప్రదర్శన బ్రిటన్ గడ్డ మీద జరిగితే అమెరికన్‌కు కూడా ఆ హక్కు వర్తిస్తుంది. అందుకని ఆఖరి టేక్ అయ్యాక, బాస్ కేసులో పెట్టేలోపే, ఎవరు ఏ పాటలో ఏం వాయించారో, రోజు, స్టూడియో ఊరు రాసిన కాగితం మీద అందరి సంతకాలూ తీసుకోవాలి. ఒక్క పాటలో బ్రష్‌తో సూట్‌కేసు మీద కొట్టినవాడి పేరు కూడా అందులో ఉండాలి.