8 అంటే ఎవరి 8?

మంగళవారం.

బల్ల మీదున్న డ్రాయింగ్‌లో గేర్ వివరాలన్నీ ఉన్నాయి: మాడ్యూల్ (పంటి సైజు) 3, పళ్లు 40, పిచ్ వ్యాసం 120 మి.మీ., వెడల్పు 30. అడుగున మాత్రం "క్వాలిటీ 8" అని ఊరుకున్నారు. అది పళ్లు ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే గ్రేడ్. ఏ ప్రమాణం ప్రకారమో రాయలేదు. రోజంతా ఆ ఒక్క అంకెకే సరిపోయింది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1328లో, జర్మనీ వాళ్ల డిన్ 3962లో అంకె తగ్గేకొద్దీ గేర్ మేలు. అమెరికా వాళ్ల పాత ఆగ్మా 2000 నంబరు ప్రమాణంలో అంతా తలకిందులు: క్యూ3 నుంచి క్యూ15 దాకా అంకె పెరిగేకొద్దీ మేలు. ఆగ్మా క్యూ అంకె, ఐఎస్ఓ అంకె కలిపితే 17 రావాలన్నది ఉజ్జాయింపు లెక్క. అలా చూస్తే క్యూ8 ఐఎస్ఓ 9కి దగ్గర. తర్వాత వచ్చిన ఆగ్మా 2015-1 మళ్లీ దారి మార్చి ఎ2 నుంచి ఎ11 అంది, ఇందులో తక్కువే మేలు. జపాన్ వాళ్ల జిస్ బి 1702, 1976 నాటిదైతే 0 నుంచి 8 దాకానే, అంటే 8 అన్నిటికంటే అట్టడుగు. 1998లో ఐఎస్ఓ దారికి వచ్చాక అంకె ముందు ఎన్ చేర్చారు. పాత 4 ఇప్పటి ఎన్8కి దగ్గర.

సరే, ఐఎస్ఓ అనే అనుకుందాం. అప్పుడూ ఏ సంవత్సరం? ఈ గేర్‌కే 8వ గ్రేడ్ లెక్క వేస్తే 1995 పట్టికలో అనుమతించే దోషం ఒక్కో పిచ్‌కి (పక్కపక్క పళ్ల మధ్య దూరానికి) 17 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతులు), మొత్తం పిచ్‌కి (చుట్టంతా కలిపి) 53, ప్రొఫైల్‌కి (పంటి వంపు ఆకారానికి) 22. 2013 సూత్రాలతో అవే 18, 58, 24. పాతదాంట్లో 50 నుంచి 125 మి.మీ. వరకు వ్యాసాలన్నిటికీ ఒకే విలువ. కొత్తదాంట్లో అసలు కొలతలే సూత్రంలోకి వెళ్తాయి, సూత్రాలూ మారాయి. మొత్తం పిచ్ దోషం 55 వచ్చిన గేర్ ఒక సంవత్సరం ప్రకారం పాసు, ఇంకో సంవత్సరం ప్రకారం ఫెయిలు! కొలిచే యంత్రం సాఫ్ట్‌వేర్‌లో ఏ సంవత్సరం ఎంచుకుని ఉందో రిపోర్టు పైభాగాన చూడనిదే తీర్పు చెప్పకూడదు.

ఐఎస్ఓలో గ్రేడు గ్రేడుకీ మధ్య తేడా 1.414 రెట్లు, అంటే రెండు గ్రేడులు దిగితే అనుమతించే దోషం రెట్టింపు. ఇది తెలిస్తే ఒక వరుసతోనే మిగతావన్నీ లెక్కకట్టుకోవచ్చు. క్యూ గ్రేడులని మాత్రం ఇలా లెక్కకట్టి ఐఎస్ఓలోకి మార్చడం కుదరదు. అక్కడ ప్రొఫైల్‌ని కె ఆకారపు పట్టీలో ఇమిడిందా లేదా అని చూస్తారు, ఐఎస్ఓలో వాలు దోషాన్ని వేరుగా, రూప దోషాన్ని వేరుగా చూస్తారు. 17 లెక్క కొటేషన్‌కి పనికొస్తుంది గానీ తనిఖీకి కాదు.

రష్యా గోస్ట్ 1643 పద్ధతే నాకు నచ్చుతుంది. 8-7-6 అని రాస్తే ఒక చుట్టు తిరుగుడు కచ్చితత్వానికి 8, నునుపుగా నడవడానికి 7, పళ్ల ఆనికకి 6. గేర్ దేనికోసమో అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు బిగింపు. బోర్ (గేర్ మధ్య రంధ్రం) మాండ్రెల్ (కొలిచేటప్పుడు గేర్‌ని బిగించే కడ్డీ) మీద 15 మైక్రాన్లు రనౌట్‌తో (కేంద్రం తప్పి ఊగుతూ) కూర్చుంటే, 20 డిగ్రీల పీడన కోణం ఉన్న గేర్‌లో మొత్తం పిచ్ దోషంలోకి సుమారు 16 మైక్రాన్లు ఊరికే చేరతాయి. గ్రాఫ్‌లో చుట్టుకి ఒకే అల కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పళ్లు కోసే హాబ్‌ని కాదు, మాండ్రెల్‌ని. 58లో 16 పోతే మిగిలేది 42. కార్బురైజింగ్ (వేడిలో కార్బన్ ఎక్కించి పైపొరని గట్టిపరచడం) చేసి గ్రైండింగ్ చేయని గేర్ అయితే ఒకటి రెండు గ్రేడులు వేడికే పోతాయి, కాబట్టి 8 కావాలంటే హాబింగ్‌లో 7గానీ 6గానీ రావాలి.

రెండు గేర్లని సందు లేకుండా ఆనించి తిప్పి చూసే రోలింగ్ పరీక్షకి ఈ 8 వర్తించదు. 2020 నాటి 1328-2లో దాని తరగతులు ఆర్30 నుంచి ఆర్50 దాకా వేరుగా ఉంటాయి.

డ్రాయింగ్ తిరిగి పంపుతూ పెన్సిల్‌తో మూడు ప్రశ్నలు రాశాను: ఏ ప్రమాణం? ఏ సంవత్సరం? కొలతకి ఆధారం బోరా, షాఫ్ట్ సెంటర్లా?