హుజూరాబాద్ నుంచి పొలాస దాకా, వరి వెంట

హనుమకొండ నుంచి కరీంనగర్ వైపు పోతుంటే హసన్‌పర్తి దాటినప్పటి నుంచి రెండు పక్కలా వరే. యాసంగిలో అయితే మరీ. కానీ ఎల్కతుర్తి వెనకబడి హుజూరాబాద్ దగ్గరపడేసరికి పొలాల తీరు మారుతుంది. ఒకే మడిలో కొన్ని వరుసలు పొడుగ్గా, కొన్ని పొట్టిగా, చారల దుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. తెలియనివాళ్లు బస్సు కిటికీలోంచి చూసి ఎరువు సరిగా పడలేదేమో అనుకుంటారు. అవి హైబ్రిడ్ వరి విత్తనం పండించే సీడ్ పొలాలు. పొడుగువి మగ వరుసలు, పొట్టివి ఆడ వరుసలు.

కొండగట్టు అంజన్నకు అక్కవాళ్ల మొక్కు ఒకటి మిగిలి ఉంది. మార్చిలో సెలవు కలిసొచ్చింది కాబట్టి హుజూరాబాద్ పక్కన వాళ్ల ఊళ్లో ఒక రాత్రి ఉండి, పొద్దున బావతో కలిసి కారులో బయలుదేరాలని అనుకున్నాం. పొద్దున కాఫీ తాగి నేను చెప్పులు వేసుకుంటే బావ కదల్లేదు. "ఇప్పుడే ఏడికి బామ్మర్ది? తాడు లాగే టైము. పన్నెండు దాటినంక పోదాం" అన్నాడు. అంజన్న ఆగుతాడు గానీ వరి పువ్వు ఆగదు.

పది గంటలకు పొలం గట్టు మీద నిలబడ్డాం. అప్పటిదాకా మామూలుగా ఉన్న కంకుల్లో గింజ పొట్టు మెల్లగా విచ్చుకోవడం మొదలైంది. ఇద్దరు కూలీలు మడికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు తాడు పట్టుకుని మగ వరుసల మీదుగా వేగంగా నడిచారు. తాడు తగలగానే పసుపు దుమ్ము పొగలా లేచి పక్కనున్న ఆడ వరుసల మీద పడింది. అరగంట ఆగి మళ్లీ లాగారు. పూత ఉన్నన్ని రోజులూ, వారం పది రోజులు, పొద్దున పూట ఇదే పని. వరి పుప్పొడి గాల్లోకి వచ్చాక కొన్ని నిమిషాలే బతుకుతుంది. అందుకే మధ్యాహ్నం చేద్దాంలే అనడానికి లేదు.

వరి మామూలుగా తన పువ్వును తానే ఫలదీకరణ చేసుకునే పంట. ఒక్కో పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. రెండు వేర్వేరు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం చేయాలంటే ఒకదాని పుప్పొడి పనిచేయకుండా ఉండాలి. కోట్ల పువ్వుల్లోంచి చేత్తో పుప్పొడి సంచులు తీసే పని ఎవరివల్లా కాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని ఒక అడవి వరి మొక్క దొరికింది. ఆ లక్షణం తల్లి నుంచి పిల్లకు వస్తుంది. దాన్ని సాగు రకాల్లోకి తెచ్చి, 1973 నాటికి ఆడది, మగది, ఆడదాని విత్తనాన్ని తరతరాలా నిలబెట్టే మూడోది అంటూ మూడు రకాల పద్ధతి స్థిరం చేశారు. మన దేశంలో మొదటి హైబ్రిడ్ వరి రకాలు 1994లో విడుదలయ్యాయి. ఆ తర్వాత విత్తనం తయారుచేసే పని ఈ పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో పాతుకుపోయింది. పూత సమయానికి ఇక్కడ వాన ఉండదు, చలి పోయి ఎండ ఇంకా ముదరదు, శ్రీరాంసాగర్ కాలువ నీళ్లున్నాయి, చెరువులున్నాయి. దేశంలో అమ్ముడుపోయే హైబ్రిడ్ వరి విత్తనంలో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే పండుతుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది తాడు కాదు, బావ పశువుల కొట్టంలో గూట్లో చూపించిన చిన్న పొట్లం. జిబ్బరెల్లిక్ ఆమ్లం. ఇక్కడ అందరూ 'జీఏ' అంటారు. ఆడ వరిలో ఒక లోపం ఉంది. కంకి, చివరి ఆకైన పోటాకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రాదు, కింది గింజలు లోపలే చిక్కుకుంటాయి. పుప్పొడి వాటి దాకా చేరదు. కంకులు తొంగిచూడటం మొదలైనప్పుడు ఈ మందును స్పిరిట్‌లో కరిగించి, నీళ్లలో కలిపి కొడితే మెడ సాగి కంకి బయటికి వస్తుంది.

ఈ మందు పుట్టింది ఒక వరి తెగులు నుంచి. జపాన్ రైతుల నారుమళ్లలో కొన్ని మొక్కలు పాలిపోయి, పొడుగ్గా సాగి, పడిపోయేవి. కురొసావా అనే శాస్త్రవేత్త 1926లో ఆ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని ద్రావణంలో పెంచి, వడగట్టి, ఆ నీటిని మొక్కలకు పోశాడు. శిలీంధ్రం లేకుండానే మొక్కలు సాగాయి. సాగదీసేది అది విడుదల చేసే పదార్థమే అని తేలింది. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. నారును పాడుచేసే శిలీంధ్రం ఎందుకు పాడుచేస్తుందో తెలుసుకుందామని చేసిన పని అది. హుజూరాబాద్‌లో విత్తనం పండుతుందని వాళ్లలో ఎవరూ ఊహించి ఉండరు. 'ఈ పరిశోధన వల్ల లాభమేంటి' అని ముందే లెక్క అడిగేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆ పొట్లం గుర్తుండేది అందుకే.

అలాగని ఇదంతా పచ్చని కథ కాదు. సీడ్ పొలానికి చుట్టూ 100 మీటర్ల దూరంలో అదే సమయానికి పూసే వేరే వరి ఉండకూడదు. పక్కవాడు ఏం వేయాలో కూడా మాట్లాడుకోవాలి. గట్టు తగాదాలున్న ఇద్దరు అన్నదమ్ములు సీడ్ కోసం నాటు తేదీలు కలిసి రాసుకున్నారని బావ నవ్వుతూ చెప్పాడు. మధ్యలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరాలి, మగ వరుసలు ముందే కోసి పక్కకు తీసేయాలి. ఆడ, మగ ఒకేసారి పూతకు రావాలంటే మగ నారు రెండు మూడు దఫాలుగా పోయాలి. ఆ తేదీలు చెప్పేది విత్తనం కొనే కంపెనీ. ఒక ఏడాది ఆ తేదీలే తప్పాయి. మగది పూసి అయిపోయాక ఆడది తెరుచుకుంది. గింజ నిలవలేదు, అంతా తాలే. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ వాతావరణం అన్నాడు, కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఒప్పంద కాగితం అడిగితే అది వాళ్ల దగ్గరే ఉందట.

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే అక్క పచ్చిపులుసు, వంకాయ కూర పెట్టింది. బియ్యం బాగున్నాయంటే ముఖం చిట్లించింది. "సీడ్ పెట్టినకాడికెల్లి ఇంటి బియ్యం ఏడున్నయి తమ్మీ? కొనుక్కునుడే. ఇవి రేషన్‌వి." 2025 ఏప్రిల్ నుంచి మన రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. ఆడ వరుసల్లో పండింది సంచుల్లోకెక్కి ఉత్తరప్రదేశ్, బిహార్, ఛత్తీస్‌గఢ్ వైపు పోతుంది. ఇక్కడి రైతు తన తిండికీ అమ్మకానికీ వేసేది ఎక్కువగా హైబ్రిడ్ కాదు, మన పరిశోధన స్థానాలు ఇచ్చిన మామూలు రకాలే. ఒకసారి కొంటే గింజ దాచి మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్‌కు ఆ వీలు లేదు, గింజ దాచి వేస్తే మొక్కలు తలోరకంగా వస్తాయి, ఏటా కొనాల్సిందే.

అనుకున్న టైముకు కాకుండా రెండింటికి బయలుదేరాం. మానకొండూరు దాటాక 2023లో తెరిచిన మానేరు తీగల వంతెన మీదుగా పోదామని అక్క పట్టుబట్టింది. ఫొటోలు దిగింది. కొండగట్టులో రద్దీ తక్కువే, దర్శనం తొందరగానే అయింది, కోతులు మాత్రం కొబ్బరి చిప్పలను వదల్లేదు. ఆ రాత్రి జగిత్యాలలో బావ తమ్ముడి ఇంట్లో పడుకున్నాం.

పొలాస జగిత్యాలను ఆనుకునే ఉంటుంది. చరిత్రలో దాని పేరు పొలవాస. కాకతీయులకు లొంగకుండా తిరగబడ్డ మేడరాజు రాజధాని. ఇప్పుడు ఆ పేరు చెబితే రైతులకు గుర్తొచ్చేది వ్యవసాయ పరిశోధన స్థానం. వానకాలానికి ఏ రకం వేయాలో అడగాలని బావకు ఎప్పటి నుంచో ఉంది.

ఈ స్థానం పేరు మోగింది ఒక పురుగు వల్ల. ఉల్లికోడు. ఎదిగిన పురుగు దోమంత ఉంటుంది. దాని పిల్ల పిలక మొదట్లోకి దూరి మొవ్వును తింటుంటే, ఆకు రావాల్సిన చోట వెండి రంగులో ఉల్లికాడ లాంటి గొట్టం వస్తుంది. ఆ పిలక ఇక కంకి వేయదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే 5204, తిండికి ఎంత రుచో ఈ పురుగుకూ అంత ఇష్టం. పైగా ఐదు నెలల పంట. ఆ సాంబ మసూరిని వరంగల్ పరిశోధన స్థానంలో పుట్టిన, ఉల్లికోడును తట్టుకునే కావ్య రకంతో కలిపి పొలాసలో తీసిందే 1798, జగిత్యాల సన్నాలు. గింజ సన్నం, పురుగును తట్టుకుంటుంది, సాంబ మసూరి కంటే మూడు నాలుగు వారాల ముందే కోతకొస్తుంది. చెరువులో నీళ్లు అడుగంటే ఊళ్లకు ఆ మూడు నాలుగు వారాలే పంట చేతికి రావడానికీ ఎండిపోవడానికీ తేడా.

ఇలాంటి రకం ఒక్కటి రావడానికి పదేళ్లు పడుతుంది. రెండు మొక్కలను కలిపితే తర్వాతి తరాల్లో వేల రకాల పిల్లలు వస్తాయి. వాటిలో ఏది నిలబడిందో, ఏది పడిపోయిందో ప్రతి పంటకూ చూసి, ఏరి, మళ్లీ వేయాలి. పురుగు ఉద్ధృతంగా ఉన్నచోటే నాటి, ఏవి గొట్టాలు వేయలేదో లెక్కపెట్టాలి. మేం చూసిన మళ్లలో ప్రతి వరుసకూ చిన్న పలక గుచ్చి ఉంది. ఒక ముసలాయన బురదలో వంగి వరుస వెంట నడుస్తూ నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. బావ పొలంలో తాడు లాగే వేగం ఇక్కడ లేదు. సగటు ప్రభుత్వ ఆఫీసు అంటే నాకున్న అభిప్రాయం వేరు గానీ, ఈ పనికి మాత్రం ఆ నిదానమే కావాలేమో.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తట్టుకునే రకాన్ని ఊరంతా వేస్తే, దాన్నీ తినగల పురుగులే మిగిలి, పెరుగుతాయి. అలా దేశంలో ఉల్లికోడు పురుగులోనే రకాలు చాలా తయారయ్యాయి. వాటికి శాస్త్రవేత్తలు అంకెలు పెట్టారు. జగిత్యాల వైపు ఉన్నది మూడో రకం, వరంగల్ వైపు ఉన్నది '4ఎం'. మనం రెండు మూడు గంటల్లో దాటే దూరంలో పురుగే మారిపోయింది. ఒకచోట నిలబడిన వరి ఇంకోచోట నిలబడుతుందని నమ్మకం లేదు.

ఇదంతా చెప్పిన అక్కడి శాస్త్రవేత్తను బావ ఊరికే వదల్లేదు. "సార్, మాది హుజూరాబాద్. అటు వరంగలు, ఇటు జగిత్యాల, నడిమిట్ల ఉన్నం. మాకు ఏ పురుగు వస్తది?" అని అడిగాడు.

ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని, వానకాలంలో ఆలస్యంగా నాటిన పొలాల మీదే ఉల్లికోడు ఎక్కువ పడుతుందని, జులై లోపల నాట్లు ముగిస్తే సగం బాధ తప్పినట్టేనని చెప్పాడు. విత్తనం మే నెలాఖరులో అమ్ముతాం, అప్పుడు రమ్మన్నాడు.

"జులైల నాటాలంటే కాలువ నీళ్లు ఇడవాలె కదా సార్. అవి ఎప్పుడొస్తయో చెప్పే రకం కూడా ఒకటి తీయుండ్రి" అన్నాడు బావ.

ఆయన నవ్వలేదు. "బోరు ఉన్నదా?" అని అడిగి, ఎకరాల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాడు.