సియెనా చర్చి నేల మీద హెర్మెస్

ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో అందరూ తలలెత్తి గుమ్మటాన్ని చూస్తుంటే నేను కుడివైపు గోడ మీద ఒక పాలరాతి ప్రతిమను వెతుక్కున్నాను. అది పదిహేనో శతాబ్దపు తత్త్వవేత్త, అనువాదకుడు మార్సిలియో ఫిచీనోది. చేతిలోని లావాటి పుస్తకాన్ని వీణలా పట్టుకుని ఉంటాడు. ఆయన కోసమే ఈ ఊరు వచ్చాను.

1460 ప్రాంతంలో ఒక సన్యాసి మాసిడోనియా నుంచి తెచ్చిన గ్రీకు రాతప్రతి ఫ్లోరెన్స్‌ను శాసించిన ధనికుడు కోసిమో దె మెదిచి చేతికి చేరింది. అప్పటికి ఫిచీనో ప్లేటోను లాటిన్‌లోకి తెచ్చే పనిలో దిగబోతున్నాడు. ముసలి కోసిమో ఆ పని ఆపించి ముందు దీన్ని అనువదించమన్నాడు. 1463లో అనువాదం పూర్తయింది, మరుసటి ఏడు కోసిమో పోయాడు. చివరి రోజుల్లో ఉన్న మనిషి ప్లేటోనే పక్కన పెట్టించిన పుస్తకమది! దాన్ని చెప్పినవాడు హెర్మెస్ ట్రిస్మెగిస్టస్, అంటే ముమ్మారు గొప్పవాడు. ఈజిప్టులో రాతకు దేవుడైన తోత్, గ్రీకుల హెర్మెస్ కలిసి ఒక్కడైన రూపం. ప్లేటో కంటే ఎంతో ముందటి ఋషి అని అప్పటివాళ్ళు నమ్మారు.

మర్నాడు అక్కడ చదువుకుంటున్న మా అన్నయ్య కూతురితో కలిసి బస్సులో సియెనా వెళ్ళాను. అక్కడి కెథడ్రల్ నేలంతా పాలరాతి చిత్రాలే. తొక్కిడికి అరిగిపోకుండా చాలా భాగాన్ని కప్పి ఉంచి, ఏటా కొన్ని వారాలే పూర్తిగా తెరుస్తారు. లోపలికి అడుగుపెట్టగానే హెర్మెస్ ఎదురయ్యాడు. 1488 నాటి పని. పొడవాటి గడ్డం, కొనదేలిన ఎత్తు టోపీ. ఒక చేత్తో తలపాగా మనిషికి పుస్తకం అందిస్తున్నాడు, రెండో చెయ్యి స్ఫింక్సులు మోస్తున్న పలక మీద ఉంది. కాళ్ళ కింద ‘మోషే సమకాలికుడు’ అని చెక్కారు. క్రైస్తవ దేవాలయం గడప దాటగానే ఒక అన్యమతస్థుడికి ఇంత మర్యాదా అని చాలాసేపు కదల్లేకపోయాను.

పలక మీది లాటిన్‌ను అమ్మాయి కూడబలుక్కుని చదివింది. సృష్టికర్త కంటికి కనిపించే మరో దేవుణ్ణి చేసి ఎంతో ప్రేమించాడని అందులో ఉంది. మూలగ్రంథంలో ఆ కనిపించే దేవుడు ఈ జగత్తే. సియెనా వాళ్ళు దాన్ని కుమారుడిగా, పవిత్ర వాక్కుగా మార్చుకున్నారు. 1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి విశ్వం నడుమ నిలిపి, ట్రిస్మెగిస్టస్ కనిపించే దేవుడన్నది ఇతణ్ణేనని రాశాడు. పొద్దున్నే తూర్పుకు తిరిగి చేతులు జోడించే మా అమ్మ నోట ‘ప్రత్యక్ష నారాయణుడు’ అనే మాట వింటూ పెరిగినవాణ్ణి. ఆ వాక్యం దగ్గర నా గొంతు పూడుకుపోయింది.

“బాబాయ్, ఈయన మోషే కాలం వాడు కాడని తేలింది కదా, మరి ఈ మాట చెరిపేయలేదేం?” అంది అమ్మాయి.

తేలిన మాట నిజమే. 1614లో ఐజాక్ కసోబాన్ అనే పండితుడు ఆ రాతల్లోని గ్రీకు భాషను పరీక్షించి, ఇవి క్రీస్తు తర్వాతి రాతలని నిరూపించాడు. అయినా ఆ శతాబ్దంలోనే న్యూటన్ హెర్మెస్ పేరిట ఉన్న ‘మరకత ఫలకం’ అనే చిన్న రసవాద గ్రంథాన్ని స్వహస్తాలతో ఇంగ్లీషులోకి రాసుకున్నాడు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర కుండలో దొరికిన కోప్టిక్ (అప్పటి ఈజిప్టు భాష) ప్రతుల్లోనూ హెర్మెస్ బోధలున్నాయి. కాలం విషయంలో ఫిచీనో పొరబడ్డాడు. ఆ బోధలకు మూలం ఈజిప్టు అన్న విషయంలో మాత్రం పూర్తిగా పొరబడలేదని నా నమ్మకం. అమ్మాయికి అదే చెప్పాను.

తను ఒప్పుకోలేదు. తిరుగు బస్సు ఎక్కేదాకా వాదిస్తూనే ఉంది.